తలాంతు – టాలెంటు



ఆదివారమున దేవాలయములో మీరు "తలాంతు" అను మాట విందురు. సోమవారమున మీ పిల్లవాడు బడినుండి వచ్చి, "టాలెంట్ టెస్టు పెట్టుచున్నారు, రుసుము కట్టవలెను" అని చెప్పును. ఆ రాత్రి టీవీలో ఒక చిన్నది పాట పాడగా, న్యాయనిర్ణేత లేచి నిలువబడి, "ఏమి టాలెంటు!" అని చప్పట్లు కొట్టును. ఈ తలాంతు వేరు, ఆ టాలెంటు వేరు అని తలంచువారు మన సంఘములలో అనేకులున్నారు. నిజమునకు అవి రెండును ఒకే మాట. ఒకటి సువార్త అనువాదముతో గుడి వాకిట మన యింటికి వచ్చినది. రెండవది ఇంగ్లీషు చదువుతో వీథి వాకిట వచ్చినది. చిన్ననాడే విడిపోయిన అన్నదమ్ములు ఒకే ఊరిలో కాపురముండియు ఒకరినొకరు ఎరుగనట్లు, ఈ రెండు మాటలును మన నోట వేర్వేరుగా మసలుచున్నవి.

"తలాంతు"లో "తల" అను శబ్దము వినబడుచున్నది గనుక, తలలోని తెలివియే తలాంతు అని బోధింపబోవు వారుండవచ్చును. వినుటకు బాగుగనే యుండును గాని ఆ మాటకును మన తలకును ఏ సంబంధమును లేదు. దానికి బంధువు మన యింట మరియొకటి యున్నది. అది "తులము."

గ్రీకు భాషలో తాలంతొన్ అనగా మొదట త్రాసు. హోమరు కవి ఇలియడ్ కావ్యములో దేవతల రాజు బంగారు త్రాసు పట్టుకొని ఇద్దరు వీరుల మరణమును తూచుట వర్ణింపబడినది. అక్కడ ఆ త్రాసునకు వాడిన మాట ఇదియే. పిమ్మట త్రాసులో తూచబడిన బరువునకును ఆ పేరే వచ్చినది. సంస్కృతములో "తుల" అనగా త్రాసు. దానినుండియే తులము, తులాభారము అను మాటలు మనకు వచ్చినవి. ఈ గ్రీకు మాటయు ఆ సంస్కృతపు మాటయు, ఎత్తుట, మోయుట అను అర్థముగల ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాబట్టి కంసాలి అంగడిలో తులము లెక్కను బంగారము కొనునప్పుడు మీరు పలుకు మాట, సువార్తలోని తలాంతునకు పినతండ్రి బిడ్డ.

అయితే బరువెంత? ఇది అన్ని దేశములలో ఒక్కటిగా ఉండలేదు. బబులోను దేశస్థులు అరువది మినాలను ఒక పెద్ద బరువుగా లెక్కించిరి. అది సుమారు 30 కిలోలు. హెబ్రీయులు దానిని కిక్కారు అనిరి. కిక్కారు అనగా గుండ్రనిది. రొట్టెకును ఆ పేరు చెల్లును. ఒక కిక్కారునకు ఎన్ని తులములో లేఖనమే మనకు లెక్క చెప్పుచున్నది. (హెబ్రీయుల తులము షెకెలు అనబడినది, అది మన కంసాలి తులముకంటె కొంచెము తక్కువ తూగును.) నిర్గమకాండము 38వ అధ్యాయము తెరచి, పలకయు బలపమును దగ్గర పెట్టుకొనుడి. లెక్కింపబడిన పురుషులు 6,03,550 మంది. తలకు అరతులము వెండి. మొత్తము 3,01,775 తులములు. అది నూరు కిక్కారులును పైన 1,775 తులములును అని వ్రాయబడియున్నది. కనుక కిక్కారు ఒకటికి 3,000 తులములు. మోషే నాటి లెక్క నేటికిని సరిపోవుచున్నది!

గ్రీకుల తలాంతు ఏథెన్సు పట్టణపు కొలతలో 60 మినాలు, అనగా 6,000 ద్రాక్మాలు. ఇంచుమించు 26 కిలోల వెండి. మన కంసాలి తులములలో చెప్పవలెనన్న 2,200 తులములకు పైమాట. ఇది ఒక మనుష్యుడు భుజముమీద మోయగల మూట. రెండవ రాజుల గ్రంథములో గేహజీ కథ జ్ఞాపకము చేసికొనుడి. నయమాను రెండు సంచులలో వెండి కట్టించి, ఇద్దరు పనివారిమీద వాటిని వేయించెను. హెబ్రీ మూలములో అవి రెండు కిక్కారులు. ఒక్కొక్కనికి ఒక్కొక్క కిక్కారు, అంతకంటె మోయలేరు. మన తెలుగు వాడుక బైబిలులో ఇక్కడ తలాంతు అను మాట కనబడదు. మణుగులు అని యుండును. ప్రకటన గ్రంథములో ఆకాశమునుండి పడిన వడగండ్ల బరువు గ్రీకులో తలాంతే గాని, తెలుగులో అదియును మణుగులాయెను. వీసె, మణుగు అను తూనికలు మన తాతల నాట ప్రతి అంగడిలో ఉండినవి. బరువు చెప్పవలసినచోట అనువాదకులు మన అంగడి మాటనే వాడి, మత్తయి సువార్తలో మాత్రము తలాంతు అను పరదేశపు మాటను అట్లే ఉంచిరి. ఆ ఉంచుటవలననే మనకు ఒక క్రొత్త మాట దొరకినది.

జర్మను దేశములో మార్టిన్ లూథరు ఇట్లు చేయలేదు. ఆయన అనువాదములో యజమానుడు దాసునికి ఐదు సెంట్నరులు ఇచ్చెను. అది జర్మను అంగళ్లలోని తూనిక. ఇంగ్లీషులో విలియం టిండేలు 1526లో టాలెంటు అను మాటనే ఉంచెను. 1611లో రాజుగారి ఆజ్ఞచేత సిద్ధమైన బైబిలులోను అట్లే నిలిచెను. ఒక దేశములో గింజను పిండి కొట్టి వండిరి. మరియొక దేశములో గింజను గింజగానే విత్తిరి.

ఇప్పుడు ఉపమానమునకు వత్తము. మత్తయి నాటికి తలాంతు ఒకటికి 6,000 దేనారములు. ద్రాక్షతోటలో పనిచేసిన కూలివానికి దినమునకు ఒక దేనారము అని అదే సువార్త 20వ అధ్యాయములో చదువుచున్నాము. విశ్రాంతిదినమున మానుకొని, వారమునకు ఆరు దినములు చొప్పున, ఒక్క జబ్బు దినమైనను లేక పనిచేసినను, ఒక తలాంతు గడించుటకు ఒక కూలివానికి పందొమ్మిది సంవత్సరములకు పైగా పట్టును. మధ్యలో తినుట మానవలెను సుమా! కాబట్టి, "అయ్యా, నాకు ఒక్క తలాంతే, నేనేమి చేయగలను?" అని మనవారు నిట్టూర్చునప్పుడు, ఆ ఒక్కటి ఎంతయో వారు ఎరుగరు. ఉపమానములోని మూడవవాడు బీదవాడు కాడు. అతని చేతిలో ఒక జీవితకాలపు సగము కూలి యున్నది.

మత్తయి 18వ అధ్యాయములో పదివేల తలాంతులు అచ్చియున్నవాని సంగతి యింకను చిత్రము. జోసీఫస్ అను యూదా చరిత్రకారుడు వ్రాసిన లెక్క ప్రకారము గలిలయ, పెరయ ప్రాంతములనుండి హేరోదు అంతిపకు సాలుకు వచ్చు రాబడి 200 తలాంతులు. పదివేలనగా యేబది సంవత్సరముల గలిలయ పన్ను అంతయు. ప్రభువు చుట్టు కూర్చున్న పల్లెవాండ్రు ఆ లెక్క వినగానే నోళ్లు తెరచియుందురు. పిమ్మట ఆ దాసుడు, "ఓర్చుకొనుము, అంతయు చెల్లింతును" అన్నప్పుడు కొందరు నవ్వియుందురని నా అభిప్రాయము. మనము ఆ చోట నవ్వము. ఏలయనగా తలాంతు బరువు మనకు తెలియదు.

పాతిపెట్టిన దాసునిగూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. మనము వానిని మూఢుడని తీర్మానించుకొందుము. అయితే ఒకరి సొమ్ము తన యొద్ద దాచియుంచుకొన్నవాడు దానిని భూమిలో పాతుటయే సరియైన కాపుదల యని యూదుల తల్ముదు గ్రంథము చెప్పుచున్నది. అట్లు పాతినవాడు, సొమ్ము పోయినను నష్టము కట్టనక్కరలేదు. కనుక వాడు ధర్మము తప్పినవాడు కాడు. ఊరివారందరు "బుద్ధిమంతుడు" అనదగిన పనియే చేసెను. అందుకే యజమానుని తీర్పు మొదట విన్నవారికి పిడుగువలె తోచియుండును.

పాతిపెట్టుట ఆ దేశములో ఎంత వాడుకయో తెలుపుటకు 1952లో మృతసముద్రపు గుహలలో దొరకిన ఒక రాగి చుట్టయున్నది. తోలు చుట్టలు, జమ్ము కాగితపు చుట్టలు అక్కడ చాల దొరకినవి గాని, రాగిరేకుమీద చెక్కినది ఇదొక్కటే. అది గట్టిపడి విప్పుటకు వీలుకాక, ఇంగ్లండులోని మాంచెస్టరునకు పంపి, 1955–56లో సన్నని రంపముతో ముక్కలుగా కోయించి చదివిరి. లోపల ప్రార్థన లేదు, ప్రవచనము లేదు. ఎక్కడెక్కడ ఎన్ని తలాంతుల వెండి బంగారములు పాతబడెనో ఆ జాబితా! మెట్లక్రింద, గోతిలో, నీటితొట్టిలో, సమాధియొద్ద – అరువదికి పైగా చోట్లు. ఇంతవరకు వాటిలో ఏదియు ఎవరికిని చిక్కలేదు.

వెండిమూట పేరు మనుష్యుని గుణమునకు ఎట్లు వచ్చెను? ఇది ఒక్క అడుగులో జరుగలేదు. మొదట నడి కాలపు లాటిను, ఫ్రెంచి భాషలలో ఈ మాటకు కోరిక, మనసు వంపు అను అర్థము వచ్చెను. త్రాసుముల్లు ఒక ప్రక్కకు ఒరిగినట్లు మనసు ఒరుగుట. మనమును తెలుగులో "అతడు ఇటు మొగ్గుచున్నాడు" అందుము గదా. మొగ్గు అనునదియు త్రాసు మాటయే. ఆ కాలపు ఇంగ్లీషులో టాలెంటు అనగా ఇచ్ఛ. చెడ్డ టాలెంటు అనగా పగ, కోపము. పదునాలుగవ శతాబ్దములోని చాసరు కవి ఆ అర్థముతోనే వాడెను. ఆ దారినే పోయియున్న యెడల, నేడు "నాకు కాఫీ టాలెంటు వేయుచున్నది" అనియుందురేమో!

అయితే దేవాలయములలో మరియొక పని జరుగుచుండెను. ఆరవ శతాబ్దపు చివర రోమాలో బిషప్పుగా ఉండిన మొదటి గ్రెగోరీ ఈ ఉపమానముమీద ఒక ప్రసంగము చేసెను. ఐదు తలాంతులు ఐదు ఇంద్రియముల జ్ఞానమనియు, రెండు తలాంతులు వివేకమును క్రియయు అనియు, ఒకటి వివేకము మాత్రమే అనియు ఆయన వివరించెను. ఇది నాకు కొంచెము బలవంతపు అర్థముగా తోచుచున్నది. ప్రసంగపు కడపట చెప్పినది మాత్రము బంగారము. తలాంతు లేనివాడు ఎవడును లేడనియు, చేతిపని నేర్చినవానికి ఆ పనియే తలాంతనియు, మరేమియు లేక ఒక ధనికునితో పరిచయము మాత్రము గలవానికి ఆ పరిచయమే తలాంతనియు, వాడు బీదలకొరకు ఆ ధనికుని యొద్ద మాటలాడనియెడల దానిని పాతినవాడే యనియు ఆయన బోధించెను. కరణముతోను, తాసిల్దారుతోను చనువుగల వాడొకడు ఊరిలో నుండి, పొరుగువాని అర్జీకి ఒక మాట సాయము చేయని సంగతి మన పల్లెలు ఎరుగనిది కాదు.

ఇటువంటి ప్రసంగములు తరతరములుగా జరుగగా, పదునైదవ శతాబ్దమునకు ఇంగ్లీషు వాడుకలో టాలెంటు అనగా దేవుడు మనుష్యునికి అప్పగించిన శక్తి అను అర్థము స్థిరపడెను. కొంతకాలమునకు "దేవుడు అప్పగించిన" అను భాగము జారిపోయి "శక్తి" ఒక్కటి మిగిలెను.

ఈ జారుటలో ఒక విపరీతమున్నది. మత్తయి 25వ అధ్యాయము 15వ వచనమును మరల నెమ్మదిగా చదువుడి. యజమానుడు ఎవని సామర్థ్యమునుబట్టి వానికి తలాంతులు ఇచ్చెను. సామర్థ్యము ఒకటి, తలాంతు మరియొకటి! సామర్థ్యము దాసునియందు ముందే యున్నది; తలాంతు దానిని చూచి బయటనుండి అతని చేతిలో పెట్టిన యజమానుని సొమ్ము. ఒకే వచనములో ప్రక్కప్రక్కన నిలిచి వేరుగా చూపబడిన రెండు సంగతులలో ఒకదాని పేరు రెండవదానికి పోయినది. దీనినిబట్టి వాడుకను తప్పు పట్టుట నా ఉద్దేశము కాదు. మాటలు మన మాట వినవు. గాని బోధించువారు ఆ వచనముమీద నిలుచునప్పుడైనను రెండింటిని విడదీసి చూపుట మంచిదని తలంచుచున్నాను.

ఇంగ్లీషువారిలో ఈ మాట బరువును ఎరిగి మోసినవారు కొందరున్నారు. మిల్టను కవి 1652 నాటికి, నలుబది నాలుగేండ్లు నిండకమునుపే, రెండు కన్నులును పోగొట్టుకొనెను. వ్రాయు శక్తి తనయందు వ్యర్థముగా పడియున్నదని దుఃఖించుచు ఆయన ఒక చిన్న పద్యములో ఈ ఉపమానమునే తలంచుకొనెను. ఆ కవితలో ఈ మాట రెండు అర్థములతోను పలుకును – దాసుని వెండి, కవి శక్తి. తరువాత చెప్పుచు వ్రాయించిన ఆయన మహాకావ్యము 1667లో అచ్చయినది.

శామ్యూల్ జాన్సను 1755లో గొప్ప ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించెను. అందులో ఈ మాటకు తూనిక అని మొదటి అర్థమును, శక్తి అని రెండవ అర్థమును ఇచ్చి, రెండవది పరిశుద్ధ గ్రంథమునుండి ఎరువు తెచ్చుకొన్నదని స్పష్టముగా వ్రాసెను. ఈ జాన్సను ఇంట రాబర్ట్ లెవెట్ అను ఒకడు చాల యేండ్లు కాపురముండెను. ఇతడు పారిసు పట్టణములో ఒక కాఫీ అంగడిలో పనివాడు. అక్కడికి వచ్చు శస్త్రవైద్యులు ఇతని ఆసక్తి చూచి, తమ ఉపన్యాసములు వినుటకు దారి చూపిరి. పట్టము లేదు, అధికార పత్రము లేదు. లండనుకు వచ్చి, బీదల పేటలలో ఒక కొననుండి మరియొక కొనకు ప్రతిదినము కాలినడకను తిరిగి రోగులను చూచుచుండెను. ఇచ్చినవారియొద్ద స్వల్పము పుచ్చుకొనును. ఇయ్యలేనివారు తిండియో పానమో పెట్టినను తీసికొనును. మాట కరకు, రూపము మోటు. పెద్దలు జాన్సను ఇంటికి వచ్చునప్పుడు ఇతడు ఒక మూల మౌనముగా కూర్చుండును. 1782లో ఇతడు హఠాత్తుగా మరణించెను. ఆ దేశములోనే గొప్ప పండితుడైన జాన్సను, తన వరములన్నిటికి లెక్క ఎట్లు ఒప్పజెప్పుదునో యని జీవితమంతయు భయపడినవాడు, ఈ కాఫీ అంగడి పనివానికొరకు ఒక స్మృతిపద్యము వ్రాసి, ఇతడు తనకున్న ఒక్క తలాంతును బాగుగా వాడెనని సాక్ష్యమిచ్చెను. నిఘంటువులో రెండు వరుసలలో వ్రాసిన అర్థమునకు ఇది ఆయన వ్రాసిన ఉదాహరణ యని నాకు తోచును.

రాజకీయములలోను ఈ మాట అడుగు పెట్టినది. 1806లో ఇంగ్లండులో గ్రెన్‌విల్ ప్రభువు వేర్వేరు పక్షముల ప్రముఖులను కూర్చి మంత్రివర్గమును ఏర్పరచగా, జనులు దానికి "సకల టాలెంట్ల మంత్రివర్గము" అని పేరు పెట్టిరి. పొగడ్త సగము, పరిహాసము సగము. అది ఇంచుమించు ఒక యేడాదికే కూలిపోయెను. అయితే కూలకముందు ఒక పని చేసెను. బ్రిటిషు ఓడలలో ఆఫ్రికా ప్రజలను బానిసలుగా కొని అమ్ము వర్తకమును నిషేధించు చట్టము 1807 మార్చి 25న రాజముద్ర పొందెను. పరిహాసపు పేరు పెట్టినవారికి అంతకంటె చెప్పుకొనదగిన పని యేదియు లేదు.

1832లో కోల్‌రిడ్జి కవి "టాలెంటెడ్" అను క్రొత్త రూపమును విని మండిపడెను. టాలెంటు గలవానిని అట్లు పిలిచినయెడల, షిల్లింగు గలవానిని షిల్లింగెడ్ అని యేల పిలువరాదని అడిగెను. ఆయన కోపము మాటను ఆపలేదు గాని, ఆ పరిహాసమువలన తెలియునదేమనగా, టాలెంటు ఒకప్పుడు డబ్బు అను సంగతి ఆయన చెవిలో ఇంకను మ్రోగుచుండెను. నేడు ఎవరి చెవిలోను మ్రోగదు. చలనచిత్రముల వ్యాపారములో కెమెరా ముందు నిలుచు నటీనటులనే టాలెంటు అందురు. 1997లో మెకిన్సీ అను అమెరికా సలహా సంస్థవారు "టాలెంటు కొరకు యుద్ధము" అను మాట కల్పించిన తరువాత, పెద్ద కంపెనీలలో పనివారిని చేర్చుకొనుటయే "టాలెంటు సంపాదన" అయినది. చూచితిరా, ఇక్కడ మాట తిరిగి తిరిగి మరల ధనపుసంచియొద్దకే వచ్చినది; ఈసారి సంచిలోనిది వెండి కాదు, మనుష్యుడు.

మన దేశములో 1963లో ఢిల్లీలో విద్యార్థులకొరకు జాతీయ సైన్సు టాలెంటు పరీక్ష మొదలై, మరుసటి యేడు దేశమంతటికిని వ్యాపించెను. తెలుగు పత్రికలవారు టాలెంటును ప్రతిభ అనిరి. చక్కని మాటయే, గాని ప్రతిభ అనగా వెలుగు, తళుకు. తలాంతు బరువు. వెలుగు కనబడును, బరువు మోయబడును. మన సంఘములలో "ఆమెకు పాటల తలాంతున్నది", "ఆయనకు ప్రసంగ తలాంతున్నది" అని చెప్పుకొందుము. కనబడునదియు వినబడునదియు మాత్రమే తలాంతై, గుడి తుడుచునామెకు, దీపము వెలిగించువానికి, జ్వరము వచ్చినవారి యింటికి గంజి తీసికొనిపోవునామెకు ఏమియు లేదన్నట్లు అయినది. ప్రతిభ అను మాట తలాంతును ఎంత ఆక్రమించెనో దీనినిబట్టి తెలిసికొనవచ్చును. గ్రెగోరీ ఈ జాబితా చూచినయెడల ఒప్పుకొనడు.

కడపట ఇంగ్లండు, అమెరికా పల్లె సంఘములలోని ఒక వాడుకను చెప్పెదను. గుడి కప్పు వేయించుటకో, వాద్యము కొనుటకో సొమ్ము కావలసినప్పుడు, చందా అడుగుటకు మారుగా సంఘమే ప్రతి సభ్యునికి ఒక చిన్న నాణెము ఇచ్చును. దానిని తలాంతు అందురు. కొన్ని నెలలు గడువు. ఒకామె ఆ నాణెముతో పిండి కొని రొట్టెలు కాల్చి అమ్మును. ఒకడు విత్తనములు కొని కూర మొక్కలు పెంచును. ఒక పిల్లవాడు బూటు పాలిషు కొని ఇరుగుపొరుగువారి బూట్లు తుడుచును. గడువు నాటికి అందరు కూడి వచ్చి లెక్క చెప్పుదురు. బల్లమీద నాణెములు పోసి, సంఘపు కోశాధికారి ఒక్కొక్కరి పేరు చదివి, ఇచ్చినది ఇంత, తెచ్చినది ఇంత అని పుస్తకములో వ్రాసికొనును.